సుగ్గి వారంలో వేసిన సున్నా

కోవిడ్ తగ్గి లైబ్రరీలు మళ్ళీ తెరిచిన రెండో ఏడు. ఎమ్మిగనూరు నుంచి బదిలీ మీద ఆదోనికి లైబ్రేరియన్‌గా వచ్చాను. మా లైబ్రరీతో పాటు ఆలూరు, తుగ్గలి వైపు పల్లెల్లోని పుస్తక కేంద్రాల లెక్కలు కూడా నా నెత్తినే పడ్డాయి. పుస్తక కేంద్రం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక బీరువా, రెండు పేపర్లు, తలుపు తీసి వేసే ఒక మనిషి.

ఆ ఫిబ్రవరిలో లెక్కలన్నీ ఆన్‌లైన్ ఫారంలో పంపాలని పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. అంతకుముందు కాగితాల మీద పంపేవాళ్ళం, అవి ఏ బీరువాలో నిద్రపోయేవో ఎవరికీ తెలియదు. అందుకే నాకు ఫారం నచ్చింది. అందులో ముఖ్యమైనది ఫుట్‌ఫాల్. అంటే వాళ్ళు చెప్పిన వారంలో ఎంతమంది పాఠకులు వచ్చారో రిజిస్టరులో సంతకాలు లెక్కపెట్టి వేయాలి. ఒకసారి సబ్మిట్ కొడితే ఇక మార్చడానికి లేదు.

ఆలూరు అవతల ఒక పల్లెలో కేంద్రాన్ని సువార్తమ్మ చూసేది. పదో తరగతి వరకు చదివిన కూలి ఇంటి మనిషి. సాయంత్రం పొలం నుంచి వచ్చిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేది. వాళ్ళకు పాఠకుల రిజిస్టరే పలక. రోజూ వచ్చి అందులో ఎవరి పేరు వాళ్ళు రాసుకోవడమే చదువు. తనిఖీకి పోయినప్పుడు ఆ వంకర టింకర పేజీలు చూశాను. నాగమ్మ అనే ఆమె అప్పటికి 'నాగ' వరకు వచ్చింది. ఆ రెండక్షరాలు నాకు చూపించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఫారం కోసం సువార్తమ్మ పంపిన రిజిస్టరు ఫొటోల్లో ఆ వారం ఒక్క సంతకమూ లేదు. ఫోన్ చేశాను.

"మంది యాడుండారు సార్? అంతా సుగ్గికి పోయినారు. నేనొక్కదాన్నే తలుపు తీసుకోని కూసుంటాండాను."

సుగ్గి అంటే మా పడమటి పల్లెల్లో ఏటా జరిగే వలస. ఇక్కడ పత్తి పని అయిపోగానే ఇళ్ళకు తాళాలు వేసి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. ఉగాదికి గానీ తిరిగి రారు.

"అట్లయితే సున్నా వేస్తానమ్మా," అన్నాను.

"ఏయండి సార్. లేనోళ్ళ సంతకాలు నేను పెట్టలేను కదా. మంది సుగ్గికి పోయినారని కూడా రాయండి."

"రాస్తాలేమ్మా."

రాయలేదు. ఫారం చివర 'వివరణ' అని ఒక గడి ఉంది. తప్పనిసరిగా నింపాల్సిన గడులకు ఎర్ర నక్షత్రం గుర్తు ఉంటుంది, దీనికి లేదు. ఇంకా చాలా ఊళ్ళు మిగిలి ఉన్నాయి, నెట్ వస్తూ పోతూ ఉంది. సబ్మిట్ కొట్టేశాను. కొన్ని ఊళ్ళవాళ్ళు రకరకాల పెన్నులతో దొంగ సంతకాలు పెట్టి పంపారు. తెలిసీ ఆ అంకెలు కూడా అట్లాగే ఎక్కించాను.

ఉగాదికి ముందే, పాఠకులు లేని కేంద్రాలు మూసేయమని ఉత్తర్వు వచ్చింది. నా కింద ఉన్నవాటిలో ఆ ఒక్క పల్లె పేరే ఉంది. దొంగ సంతకాల ఊళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. పై ఆఫీసుకు పోయి బతిమాలాను.

"వివరణ ఖాళీగా పెట్టినావు కదప్పా, మాకేం తెలుస్తాది?" అన్నారు.

సువార్తమ్మ దగ్గర తాళంచెవి తీసుకున్నదీ, పుస్తకాలూ రిజిస్టరూ ఆటోలో వేసుకుని వచ్చిందీ నేనే. ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం ఆమె నాగమ్మను వెంటబెట్టుకుని ఆదోనికి వచ్చింది. నాగమ్మ ఈసారి నవ్వలేదు.

"మేము సుగ్గికి పోతే మా ఊరు లేనట్టేనా సార్?" అని అడిగింది.

ఆమె బల్ల మీదున్న మా రిజిస్టరు దగ్గరికి జరిగి పెన్ను తీసుకుంది.

"ఈడ రాస్తే మా ఊరి లెక్కలోకి వస్తాదా?"

"రాదమ్మా. ఆదోని లెక్కలోకి పోతాది."

"అట్లయితే ఒద్దులే," అని పెన్ను కింద పెట్టింది.

నా అంతట నేను తప్పు అంకె వేయకపోతే చాలు, నిజం చెప్పినట్టే అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నేను వేసిన సున్నా తప్పు కాదు. ఊరు ఎందుకు ఖాళీగా ఉందో తెలిసి కూడా రాయకపోవడం తప్పు. ఆ తప్పు నెట్‌దీ కాదు, ఫారందీ కాదు, నాదే. ఇప్పుడు ఎవరు చదివినా చదవకపోయినా ప్రతి ఊరికీ వివరణ రాసే పంపుతున్నాను. ఆ పల్లెకు మాత్రం దానివల్ల ఒరిగిందేమీ లేదు.

పోయిన నెల సువార్తమ్మ బజారులో కనబడితే నాగమ్మ ఎలా ఉందని అడిగాను. రాసేది మరిచిపోయింది సార్ అంది. బ్యాంకులో మళ్ళీ వేలిముద్రే వేస్తోందట.