పొట్టు తీసే శనివారాలు

పొద్దున ఆఫీసు షట్టరు ఎత్తేసరికి, వెనక వీధిలో జీడిపిక్కలు కాల్చే బట్టీ పొగ గుప్పుమని ముక్కుకు తగిలింది. పలాసలో ఉండేవాళ్లు దాన్ని పట్టించుకోరు, బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ ఘాటు తగిలితే ఇప్పటికీ వేళ్ల కొసలు ఊరుకోవు. పప్పు మీది ఎర్రటి పొట్టు ఒలవాలనిపిస్తుంది. వెంటనే దమయంతి మేడమ్ గొంతు కూడా వినిపిస్తుంది: "ఇరగ్గొట్టకే అమ్మీ, నెమ్మదిగా!" మాది వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసు. అలాంటిచోట జీడిపప్పు ఒలవడమేమిటని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. నాకు ఈ పని నేర్పింది ఆవిడే. ఆవిడ నేర్పిందంతా పొట్టు తీయడమే.

మేడమ్ జీడిపప్పు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టారు. విశాఖపట్నంలో చాలా ఏళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, విసుగెత్తి, పలాస తిరిగొచ్చి, వాళ్ల అన్నగారి పప్పు కొట్టు మేడ మీద ఈ ఆఫీసు తెరిచారు. మనిషి పొట్టి, మాట పొడుగు. నేను భావనపాడులో చేపల వేట చేసుకునే ఇంటి పిల్లని. టెక్కలిలో డిగ్రీ చదివి, కంప్యూటరు కోర్సు చేసి, సొంతంగా తయారుచేసుకున్న ఒక పేజీతో ఉద్యోగం అడగడానికి ఆ మెట్లెక్కాను. ఆ పేజీ తెరిస్తే బారువ బీచి వీడియో ఆడుతుంది. కెరటాలు, ఊగే కొబ్బరిచెట్లు, వెనకాల వేణువు. చూసినవాళ్లు కుర్చీలోంచి పడిపోతారని నా నమ్మకం.

మేడమ్ డ్రాయరులోంచి ఒక పాత ఫోను తీశారు. దాని అద్దం మూల పగిలింది, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. అందులో నా పేజీ తెరిచి, బల్ల మీద పెట్టి, టీ తెప్పించారు. టీ తాగడం అయింది. నా కొబ్బరిచెట్లు ఇంకా దారిలోనే ఉన్నాయి. ఆవిడ ఆ ఫోను తీసి నా అరచేతిలో పెట్టారు.

"వేడిగా నేదూ?"

"ఉందండీ."

"ఆ వేడంతా కరెంటేనే. నీ వీడియో దాసిన కంప్యూటరు ఏ ఊళ్లోనో పగలూ రాత్రీ నడవాల. అది వేడెక్కిపోకుండా సల్లబెట్టడానికి మళ్లీ కరెంటు. దానికోసం ఎక్కడో బొగ్గు కాలతాది. సెట్టు ఊగడానికి ఇంత సెయ్యాలేటే? కిటికీలోంచి సూడు, ఉత్తి గాలికే ఊగతన్నాది."

నాకు ఒళ్లు మండింది. ఇక ఉద్యోగం వచ్చినట్టేనని బ్యాగు సర్దుకుని లేచాను. "సోమారం నుంచి రా. నీ సెయ్యి మంచిదే, మూటే బరువు" అన్నారు వెనక నుంచి.

మా ఆఫీసులో శనివారం మధ్యాహ్నం కంప్యూటర్లు ముట్టుకోకూడదు. చాప పరిచి, కింద కొట్టులోంచి పొట్టు తీయని పప్పు ఒక చేటెడు తెప్పించేవారు. అందరం చుట్టూ కూర్చుని ఒలుస్తూ, ఆ వారం చేసిన పేజీల్లోంచి ఏం తీసెయ్యవచ్చో వాదించుకోవాలి. తనంతట తాను ఆడే వీడియో, ఎవరూ చూడకపోయినా ఒకదాని తర్వాత ఒకటి మారే ఫొటోలు, చూసేవాళ్ల వెంటపడి వివరాలు లాగే కోడ్లు, ఫోనులో తెలుగు అక్షరాలు ఉండగా నెట్‌లోంచి మళ్లీ దించే ఇంకో రకం అక్షరాలు, ఎప్పుడో వాడి మరిచిపోయి సర్వరు మీద పడి ఉన్న ఫైళ్లు. తీసేసింది లేకపోయినా పేజీ పని జరిగితే అది పొట్టు. పని ఆగిపోతే అది పప్పు, దాన్ని ముట్టుకోకూడదు. ఒలిచేటప్పుడు ఎవరి చేతిలో పప్పు విరిగితే వాళ్లే దాన్ని తినెయ్యాలని ఇంకో నియమం. విరిగిన పప్పుకి ఎలాగూ ధర పడిపోతుంది కదా అనేవారు. నేను కావాలనే విరిచి తినేదాన్ని, ఆవిడకూ తెలుసు.

అందరికీ ఇది నచ్చేది కాదు. ఒకసారి ఒక పప్పు వ్యాపారి తన పేజీ చూసుకుని మొహం ముడుచుకున్నాడు.

"మరీ బోసిగుందేటమ్మా! డబ్బిచ్చినాక నిండుగా కనిపించాల గదా."

"బావా, నీ కొట్లో పప్పు పొట్టుతోటే అమ్ముతావేటి?" అన్నారు మేడమ్. వరసకి ఆయన ఏమీ కాడు, అయినా పలాసలో సగం మంది ఆవిడకు బావలే. ఆయన నవ్వలేక నవ్వి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు కొడుకు కొట్టు పేజీ కూడా మా చేతే చేయించాడు.

ఇంత పట్టుదల ఎందుకో నాకు ఆవిడ తోటలో అర్థమైంది. బారువ దగ్గర వాళ్లకి కొబ్బరితోట ఉంది. ఉండేది అనాలి. వెనకటి తుపానులో చెట్లన్నీ ఒకే వైపుకి పడిపోయాయి. నన్ను తీసుకెళ్లిన రోజున మొదళ్ల మధ్య ఆవిడ నాటిన మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి. మేడమ్ ఒక మొద్దు మీద కూర్చుని, పక్కనున్న మొక్క మొదట్లోకి మట్టి ఎగదోశారు.

"సముద్రం వేడెక్కితే గాలి ముదురుతాదంట. నా పేజీల వల్లే ఈ సెట్లు పడిపోనాయని నేనంటలేదే. అంత గొప్పదాన్ని కాదు. కానీ నా వంతు పొగ నాదే గదా. దాన్ని తగ్గించుకోడం నా సేతిలో పని" అన్నారు.

తర్వాత మా ఊరి చేపల వేటగాళ్ల సంఘం పని వచ్చింది. భావనపాడు నుంచి బారువ దాకా బోట్లున్న ఊళ్లన్నిటికీ కలిపి ఒక పేజీ కావాలన్నారు. వాతావరణ హెచ్చరికలు రావాలి, ఏ బోటు సముద్రం మీద ఉందో, ఏది ఒడ్డెక్కిందో తెలియాలి. మా అన్నయ్య కూడా వేటకెళ్లేవాడే కాబట్టి నాకు ఉత్సాహం ఎక్కువ. మేడమ్‌కి నాకంటే ఎక్కువ. బొమ్మలూ రంగులూ ఏమీ లేకుండా, ఉత్త అక్షరాలతో, ఈకంత తేలికైన పేజీ తానే కూర్చుని చేశారు. పాత ఫోనులో ఇలా నొక్కితే అలా వచ్చేది. అది పట్టుకుని ఇద్దరం భావనపాడు వెళ్లాం. చేపలెండబెట్టే చోట మా అమ్మ కనిపిస్తే, గర్వంగా ఫోను ఆమె చేతికే ఇచ్చారు. అమ్మ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఫోను ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇందులో బోట్లేవమ్మా? అన్నీ అచ్చరాలే ఉన్నాయి."

మా ఊళ్లో బోటుని ఎవరూ పేరు చదివి గుర్తుపట్టరు. ముక్కు రంగు చూసి, పక్కన వేసిన రంగు పట్టీ చూసి చెబుతారు. మేడమ్ మొహం ఒక్క క్షణం మాడింది. మరుక్షణం ఎండుచేపల మధ్య నిలబడి పగలబడి నవ్వారు. "పొట్టు తీత్తా తీత్తా పప్పే ఇరగ్గొట్టీసేన్రా దేవుడా!" అని అందరికీ చెప్పారు. ఆవిడ తప్పుని ఆవిడే అలా ఊరంతా చాటుకోవడం నాకు చాలా నచ్చింది. పెద్దవాళ్లలో అంతకు ముందు నేనది చూడలేదు.

బస్సులోనే పని మొదలైంది. ఫొటోలు వద్దు, గీతలతో బొమ్మలు గీద్దాం, వాటికి బరువే ఉండదు అన్నారు. ఏ బోటుకి ఏ రంగో నాకు తెలుసు కాబట్టి గీసే పని నాది. పైన నీలం రంగు సముద్రం, కింద ఇసక. ఏ ఊళ్లో బోటు ఒడ్డెక్కినా అక్కడి సంఘం మనిషి తన ఫోనులో దాన్ని తాకుతాడు. అందరి ఫోన్లలోనూ ఆ బోటు సముద్రంలోంచి ఇసక మీదికి వచ్చేస్తుంది. మా అన్నయ్య వెళ్లే బోటు ఆకుపచ్చది, ముక్కు ఎరుపు. దాన్ని కాస్త శ్రద్ధగా గీశానని ఒప్పుకుంటాను.

ఆ ఏడాదే గాలి ముదిరింది. హెచ్చరిక రాగానే బోట్లన్నీ వెనక్కి తిరిగాయి. చెప్పిన వేళకంటే ముందే గాలి అందుకుంది. మధ్యాహ్నానికి పేజీలో బోట్లన్నీ ఇసక మీదున్నాయి, ఆకుపచ్చది తప్ప.

నేను పలాసలో ఇరుక్కుపోయాను. రోడ్డుకి అడ్డంగా చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, ఎవరికి చేసినా ఫోను కలవదు. అమ్మ తుపాను షెల్టరులో ఉందని మాత్రం తెలుసు. నా కొత్త ఫోనులో వార్తల పేజీలు తెరుచుకోక గిరగిరా తిరిగి తిరిగి, బ్యాటరీ కాస్తా తాగేస్తే అది ఆరిపోయింది. మేడమ్ "ఏమీ కాదులే" అనలేదు. చాప పరిచి, చేట తెచ్చి నా ముందు పెట్టి, పాత ఫోను మధ్యలో ఉంచి, "ఒలువు" అన్నారు.

ఒలిచాను. ముట్టుకున్న ప్రతి పప్పూ నా చేతిలో విరిగింది. నియమం ప్రకారం తినాలి, ఇద్దరం ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు. ఉండుండి ఆవిడ ఫోను నొక్కేవారు. ఉందా లేదా అన్నట్టున్న ఆ సిగ్నల్లోనే పేజీ ప్రతిసారీ వచ్చేది. ఆకుపచ్చ బోటు ప్రతిసారీ నీలంలోనే ఉండేది. అంత బేగి వచ్చే పేజీ మీద నాకు ఆ పూట కోపం కూడా వచ్చింది.

ఇంకోసారి నొక్కారు. బోటు ఇసక మీద ఉంది.

నేను నమ్మలేదు. ఫోను లాక్కుని మళ్లీ నొక్కాను. ఇసక మీదే ఉంది. అప్పుడు ఏడ్చాను, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. మేడమ్ నా వీపు నిమురుతూ, తన కళ్లు కూడా తుడుచుకుని, చేటలోంచి గుప్పెడు విరిగిన ముక్కలు తీసి నా ఒళ్లో పోశారు.

"ఇప్పుడు తిను. ఎంత పప్పు పాడుసేసినావే గుంటా!"

ఇంజను ఆగిపోయి, గాలి ఈడ్చుకుపోతే, అన్నయ్య వాళ్లు బారువ ఇసకలో వచ్చి పడ్డారట. అక్కడి సంఘం మనిషి వాళ్లని ఒడ్డుకి లాగిన వెంటనే, తడి చేత్తోనే ఫోనులో బోటుని తాకాడట. షెల్టరులో అమ్మ కూడా అప్పుడే చూసిందట. దారులు తెరుచుకున్నాక ఇంటికెళితే అన్నయ్య గంజి తాగుతూ కూర్చున్నాడు. అమ్మ నాకు తన ఫోను చూపించింది.

"పొద్దు కుంకేదాకా ఇదే సూసేనే. సార్జింగు ఇంకా మిగిలిపోనాది. ఫోను సల్లగానే ఉందే తల్లీ, నా సేతులే వణికిపోనాయి."

ఆ మాట మేడమ్‌కి చెబితే, జీవితంలో తనకి అంతకు మించిన మెప్పు రాలేదన్నారు. ఇప్పుడు ఆఫీసు నాకు అప్పగించి తోటలో ఉంటున్నారు. మొక్కలు ఆవిడ తల దాటిపోయాయి, అదేమంత ఎత్తు కాదనుకోండి. శనివారాలు మాత్రం మానలేదు, చాప పరిచేది నేను.

పాత ఫోను నా డ్రాయరులో ఉంది. రబ్బరు బ్యాండు మార్చాను. కొత్త పేజీ పూర్తయితే అందులో తెరిచి, టీ తాగినంతసేపు అరచేతిలో పెట్టుకుంటాను. వేడెక్కితే ఆ పేజీ మళ్లీ చేటలోకి వెళుతుంది. చల్లగా ఉంటే, మా అన్నయ్య బారువ ఇసక మీద దిగాడని ఇంకోసారి తెలిసినట్టు నా ప్రాణం కుదుటపడుతుంది.