దిరిసెన కోసం పోయిన తలుపు

మా ఇంటికి తలుపు లేదు. ఎందుకు లేదంటే మా ఆయన సంగప్ప ఒక చెట్టును గీకనియ్యలే. గంతే. నవ్వకుండ్రి, చెప్తుంటే నాకు కడుపు మండుతుంది.

మా ఆయన నారాయణఖేడ్ మార్కెట్ల హమాలి. పొద్దంత కంది బస్తాలు మోస్తడు, పొద్దు వాలంగనే మా గల్లీ వెనక వనానికి ఉరుకుతడు. ఆ వనం ఆయనదేం గాదు, అందరిది. గల్లీ మొత్తం కలిసి ఎకరం జాగల చెట్లు పెట్టిండ్రు, ఫోటోలు దిగిండ్రు, ఇగ మర్సిపోయిండ్రు. ఈయన ఒక్కడు మర్వలే. చలి పోయి ఆకు రాలుతుంటే ఆ ఆకంత మొదళ్ళకు ఎగదోస్తడు, అగ్గి అంటకుండ చుట్టూర ఎండు గడ్డి చెక్కుతడు. కానుగలు లేత ఆకు ఏస్తే నన్ను చెయ్యి పట్టి గుంజుకపోయి మరీ చూపిస్తడు. నేను కొత్త చీర కడితే మాత్రం ఆయనకు కండ్లు కనవడయి.

వనం నడుమల ఒక దిరిసెన చెట్టుంది. హోళీకి, కామునిపున్నమొచ్చేసరికి దానికి ఒక్క ఆకుండదు. ఎండిన కాయలు గాలికి గలగలమంటుంటయి. ఎవలు చూసినా సచ్చిందనే అంటరు. నేను గూడ అన్న.

"సావలేదే, పండుకుంది. లేస్తది" అన్నడు.

ఈ యేడు కామునికి కట్టెలు జమచేసే పని బస్వరాజ్ మీద పడ్డది. ఆటో నడుపుతడు, గల్లీల పెద్ద నోరు. కాముని మంటకు కట్టెలు అడిగి తీస్కుంటరు, ఇయ్యకపోతే ఎత్కపోతరు. కాముని మీద పడ్డది మల్ల అడగొద్దు, అది మా కాడ రివాజు. పున్నమి నాడు పగటీలి నలుగురిని ఎంటేస్కొని, గొడ్డలి పట్టుకొని వనానికొచ్చిండు.

"సంగన్నా, ఎండిన చెట్టు కామునిదే. పక్కకు జరుగు."

"ఎండలేదురా, పండుకుంది."

"అయితె బెరడు జెర గీకుత. లోపట పచ్చగుంటె దండం పెట్టి పోతం."

చూడుండ్రి, ఎంత ధర్మమైన మాట! గోరంత గీకితే తెగే పంచాయితి. ఈ మనిషి చెట్టుకు అడ్డం నిలవడి, "పండుకున్నోళ్ళను గిల్లి లేపుతరార? మీ ఇంట్ల గట్లనే చేస్తరా?" అన్నడట.

బస్వరాజ్ నెత్తి కొట్టుకున్నడు. "మరి కామునికేం పెట్టాలె?"

"ఇంకేమన్న ఎండింది అడుగు, ఇస్త."

ముందుగాల మా దడి పోయింది. సాలదన్నరు. నులక మంచం పోయింది. "గంత చెట్టుకు గీ మంచం ఏ మూలకన్నా?" అని బస్వరాజ్ బేరమాడిండు. అప్పుడు మా ఆయన ఇంటికొచ్చి తలుపు ఊడబీకి, తానే నెత్తిన పెట్టుకొని మోస్కపోయిండు. హమాలి గదా!

నేను గిర్నికి పోయి జొన్నపిండి పట్టించుకొని వచ్చేసరికి, పొయ్యి కాడ పక్కింటోళ్ళ మేక నిలవడి పొద్దుగాల్ల రొట్టెలు నములుతుంది. తలుపేమో చౌరస్తల కాముని కట్టెల మీద. ఇంకా అంటియ్యలే, అయినా అడగరాదు. మనూర్ నుంచి కాపురానికొచ్చిన నాడు నేను బొట్లు పెట్టిన తలుపు! రోడ్డు మీదనే ఏడ్సిన.

గుమ్మానికి పాత చీర కట్టిన. ఉగాది పోయింది. వేపలు పూసినయి. దిరిసెన మాత్రం గలగలమనుడే. గల్లీల ఎవలెదురైనా "వదినె, మీ చెట్టు లేసిందా?" అని ఇకిలించుడే. మా ఆయన మొఖం ఇంత చిన్నగైంది. చెట్టు నిజంగనే సచ్చిందేమోనని లోపల లోపల బుగులు పడుతుండు. నాకు తెల్వదా?

ఒకనాడు ఇగ నాతోని గాలే. కూరగాయల కత్తి కొంగుల దాసుకొని వనానికి పోయిన. గీకితే ఏదో ఒకటి తేలుతది. బెరడుకు కత్తి ఆనిచ్చిన. పైన కాయలు గలగలమన్నయి. కత్తి మల్ల కొంగుల పెట్టుకున్న. బస్తాలు మోసొచ్చి పండుకున్న మా ఆయనను నేను గూడ ఎన్నడు గిల్లి లేపలే గదా. చుట్టు ఎవలన్న ఉన్నరా అని చూసి, "జల్దీ లేవే తల్లీ, మా పరువు పోతుంది" అని చెప్పి ఇంటికొచ్చిన.

లేసింది. జెర ఆల్షంగ లేసింది గని, ఇప్పుడు చెట్టు నిండ ఆకు, పువ్వు. బస్వరాజ్ దాని కిందనే ఆటో పెట్టి గుర్రు పెడుతుండు.

నిన్న బస్వరాజే పాపం ఎక్కన్నుంచో మాకు ఒక తలుపు తెచ్చిండు. నా పానం లేసొచ్చింది. మా ఆయన ఆ తలుపును పైనుంచి కిందికి తడిమిండు.

"ఇది ఏం చెట్టుదిరా?"

"ఏందో అన్నా. సచ్చిన చెట్టుదే."

"సచ్చిందా, పండుకుందా?"

బస్వరాజ్ నా దిక్కు చూసిండు. నేను చెట్టు దిక్కు చూసిన. తలుపును మల్ల ఆటోల ఏస్కొని పోయిండు.

నేను తిట్టలే. ఇప్పుడు గాలికి చీర ఎగిరితే దిరిసెన పూల వాసన సీదా పొయ్యి కాడికొస్తుంది. మేక గూడ వస్తుంది.