గిరిసోల అన్నదమ్ముల కొవ్వు

1998, వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. బరంపురంలోని ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా ఉండేవాణ్ణి. రక్తం పీల్చడంలో నాకూ దోమకూ తేడా ఒకటే: నేను రిపోర్టు ఇస్తాను.

మా ఉద్యోగంలో మొదట పట్టుకునే జబ్బు అనుమానం. ఫాస్టింగ్ అంటే ఏమీ తినకుండా రమ్మని. మావాళ్ళకేమో ఉపవాసమంటే అన్నం మానడం; పాలు, అటుకులు, అరటిపండు దాని కిందికి రావు. అలా వచ్చినవాళ్ళ రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు పెరిగి కనిపిస్తుంది. అందుకే సూది కన్నా ముందు ప్రశ్న గుచ్చేవాణ్ణి.

ఒక ఉదయం గిరిసోల నుంచి అప్పలస్వామి వచ్చాడు. సుగరు అతనికి పాత చుట్టం. వెంట భార్య పైడమ్మ, తమ్ముడు రామినాయుడు. "నాదీ సూసీయండి బాబూ, మా అన్నకి బుద్దొస్తాది" అంటూ ఏ జబ్బూ లేని తమ్ముడు కూడా చెయ్యి చాపాడు.

అన్న రిపోర్టు చూసి కళ్ళజోడు తుడుచుకున్నాను. ట్రైగ్లిజరైడ్స్ ఎప్పటికన్నా బాగా ఎక్కువ. హెచ్‌డీఎల్, అంటే మంచి కొవ్వు, అడుగంటింది.

"ఏటి తిన్నావు అప్పన్నా?"

"మంచినీల్లే బాబూ, ఒట్టు."

"నమ్మకండి," అంది పైడమ్మ. "అస్కా ఎల్లిన పెతిపాలీ సెనాపొడొ తినీసి, మూతి తుడుసుకుని వస్తాడు. సొక్కా జేబులో సీమలే సెప్తాయి నాకు. ఈపాలి కొవ్వు దిగకపోతే మందులు పెంచీస్తానన్నారు డాట్రుగారు."

సెనాపొడొ అంటే విరిగిన పాలముద్దను పంచదారతో కాల్చిన మిఠాయి. మగడి మీద ఆవిడ అనుమానం, నాది కలిసి అప్పలస్వామిని ఉరి తీసేవే, తమ్ముడి రిపోర్టు అడ్డం రాకపోతే. అతనికీ మంచి కొవ్వు పడిపోయి ఉంది, ట్రైగ్లిజరైడ్స్ పెరిగి ఉన్నాయి. సుగరు లేని మనిషికి ఇదేమిటి?

ఒకరి రక్తమే రెండు ట్యూబుల్లోనూ పోశానా? లేదు, అన్న సుగరు ఎక్కువ, తమ్ముడిది మామూలే. మెషీన్‌ను శంకించి కంట్రోల్ పెట్టాను. అంటే విలువ ముందే తెలిసిన నమూనా. మెషీన్ నిర్దోషి. ఇక మిగిలింది అన్నదమ్ములే.

"ఇద్దరూ కలిసి ఎక్కడ తిన్నారు?"

"తినడం కాదు, పడుకున్నాం," అన్నాడు రామినాయుడు. "పొలసర అవతల, కొండవార చేనుకి కాపలా."

కొండవార రాత్రులనగానే నాకు దోమలు గుర్తొచ్చాయి. "జ్వరం వచ్చిందా?"

అన్నదమ్ములు మొహాలు చూసుకున్నారు.

"వస్తాది, పోతాది," అని నసిగాడు అప్పలస్వామి. "ఇయ్యాల నేదు. జొరమంటే కొవ్వు పరీక్ష సెయ్యరు, మళ్ళీ రమ్మంటారు గదా బాబూ. అందుకే సెప్పనేదు."

స్లైడ్ మీద రక్తపు చుక్క పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇద్దరి రక్తంలోనూ మలేరియా. అదీ మెదడుకెక్కే రకం. సుగరు మనిషికి మరీ ప్రమాదం. నేను కొవ్వు రిపోర్టు ఒక్కటే ఇచ్చి పంపితే డాక్టరుగారు కొవ్వుకు మందు పెంచేవారు, అప్పలస్వామి ఇంటికెళ్ళి పడుకునేవాడు, మళ్ళీ లేచేవాడో లేదో. వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆ మధ్యాహ్నమే ఇద్దరినీ ఆస్పత్రిలో చేర్చారు.

కోలుకున్నాక మళ్ళీ పరీక్షకు వచ్చారు. తమ్ముడి కొవ్వులు యథాస్థానానికి చేరాయి. అన్నవి దిగాయి కానీ ఎప్పుడూ ఉండే చోటనే ఆగిపోయాయి. మలేరియా తన వాటా పట్టుకుపోయింది. మిగిలింది సుగరు వాటా. మలేరియా రక్తంలోని కొవ్వునూ కలియబెడుతుందనీ, సుగరున్న మనిషిలో ఆ అల్లరి పాత జబ్బు చాటున దాక్కుంటుందనీ వాళ్ళను పక్కపక్కన చూసే తెలుసుకున్నాను. కొవ్వు చూసి మలేరియా అని చెప్పలేం, అది స్లైడే చెప్పాలి. కానీ ఆ తర్వాత లెక్క తప్పిన కొవ్వు కనబడితే, తిండి కన్నా ముందు జ్వరం గురించి అడిగేవాణ్ణి.

పైడమ్మ అన్నీ విని, మగణ్ణి ఓసారి ఎగాదిగా చూసింది.

"అయితే ఆ రోజు సెనాపొడొ తిన్నేదంటారా?"

"ఆ రోజు తినలేదమ్మా."

అప్పలస్వామి నా వైపు వంగి, గొంతు తగ్గించాడు.

"బాబూ, 'ఆ రోజు' అన్న మాట తీసీసి ఇంకోపాలి సెప్పండి."