ఇరవై కండెల టార్గెట్

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో మా ఇంట్లో మగ్గం ఉండేది. నాన్న నేసేవాడు. తెల్లవారగానే నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టాలి... అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లలకు దారం చుట్టడం. ఇరవై చుడితేనే బడి. అది అమ్మ పెట్టిన షరతు.

ఆరో తరగతిలో ఇంగ్లీషు సారు ఒకరోజు బోర్డు మీద గోల్, టార్గెట్ అని రాశాడు.

"ఈ మాటలు ఒంటిగా తిరగవు పిల్లోల్లారా... వీటికి జతలుండాయి. గోల్ సెట్ చేసుకుంటాం. టార్గెట్ రీచ్ అయితాం, ఒక్కోసారి మిస్ అయితాం. శనివారం ఒక్కొక్కరు లేసి, మీ ఇంటి సంగతి ఒకటి ఈ జతల్తో చెప్పాల."

నలుగురిలో నాకు నోరు పెగిలేది కాదు... అయినా ఆ ఒక్క వాక్యం చెప్పాలని ఎంత ఆశో! వారమంతా రాట్నం తిప్పుతూ లోలోపలే అనుకున్నాను... 'ఐ రీచ్డ్ మై టార్గెట్'.

శనివారం దారం మాటిమాటికీ తెగింది. పద్దెనిమిదో కండె పూర్తయ్యేసరికే బడి గంట వినిపించింది... కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా అవ్వ వచ్చి నన్ను పక్కకు నెట్టింది.

"ఇంగ రెండే కదమ్మీ! ఆ ఏడుపు చాల్లే, దారం తడుస్తాది. నేను చుడతా, నువ్వు పో."

పరుగెత్తాను. నా వంతు వచ్చింది... లేచి నిలబడ్డాను. రీచ్ అయ్యానంటే అబద్ధం.

"ఐ మిస్డ్ మై టార్గెట్... టూ కండెలు" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. సారు మాత్రం నవ్వలేదు. "మిస్ అయితే ఏంది? మళ్లా సెట్ చేసుకుంటావు. కూర్చోమ్మా, శానా బాగా చెప్పినావు" అన్నాడు.

ఏడో తరగతితో నా చదువు ఆగింది. తర్వాత మగ్గం పోయింది, అవ్వా పోయింది... పెళ్లయి జమ్మలమడుగు వచ్చాను.

పోయిన నెల ఓపెన్ స్కూల్ పదో తరగతికి ఫారం నింపాను. మా ఆయన చూసి, "ఏమ్మే, ఇంగ్లీషు తప్పితే ఏం చేస్తావు?" అని ఆట పట్టించాడు.

"మళ్లా రాస్తా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన ఫారం నా చేతికిచ్చి, "అయితే రాత్రికి అన్నం నేను వండుతాలే... నువ్వు చదువుకో పో" అన్నాడు.

మా పాత ఇంట్లో ఇప్పుడు రాట్నం చప్పుడు లేదు... కానీ పుస్తకం తెరిస్తే అవ్వ పక్కనే కూర్చున్నట్టుంటుంది.

మీరు ఆగిపోయిన చోట "నేను చుడతా, నువ్వు పో" అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్ల గురించి రాయండి... ఇంగ్లీషులో రాసినా సరే, ఒక్కొక్కటీ కూడబలుక్కుని అయినా చదువుతాను.