తుప్పులో నేత

అమ్మినవాడు నా కళ్ళలోకి చూడలేదు. అక్కడే నాకు తేడా కొట్టింది. అమెరికాలో మేముండే షాంటిలీ నుంచి గంట డ్రైవ్‌లో ఉన్న పాత సామాన్ల షెడ్డు అది. "మా తాత కలెక్షన్, ఇంగ్లాండ్‌ది, పేపర్స్ లేవు" అన్నాడు. అరచేతిలో పట్టే బ్రోచ్. కంచు మీద బంగారు పూత. వెయ్యేళ్ళకు ముందెప్పుడో అక్కడి ఆడవాళ్ళు భుజం మీద బట్ట జారకుండా పెట్టుకునే రకం. దాని నిండా ఒకే జంతువు, కానీ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కన్ను ఒక మూల, తొడ ఇంకో మూల, పంజా ఎక్కడో. వెతికి పట్టుకోవాలి. మ్యూజియాల్లో అద్దాల అవతల ఇలాంటివి చూసి పిచ్చెక్కినవాణ్ణి, కొనకుండా ఉంటానా?

ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. డూప్లికేటేమో! అచ్చుపోసి, ఆసిడ్‌లో ముంచి, మట్టి పూస్తే పాతది అయిపోదూ? ఆ జంతువు కూడా నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంది. ఆఫీస్ మీటింగుల్లో కెమెరా ఆఫ్ చేసుకుని మరీ భూతద్దంతో చూసేవాణ్ణి.

ఒకరోజు వెనక వైపు సరిగ్గా చూశాను. ఇనుప పిన్ను తుప్పు పట్టి గడ్డకట్టింది. ఆ తుప్పులో నేత! అడ్డపోగు, నిలువుపోగు స్పష్టంగా కనిపిస్తున్నాయి. బట్ట మట్టిలో ఎప్పుడో చివికిపోయింది, దాని అచ్చు మిగిలింది. అంటే ఇది డూప్లికేట్ కాదు, ఒకావిణ్ణి ఈ బ్రోచ్‌తోనే పాతిపెట్టారు. తర్వాత ఎవడో ఆ సమాధి తవ్వాడు. నా చేతిలో ఉన్నది దొంగసొత్తు అన్నమాట.

మా ఆవిడకి చెప్పాను. "శవం మీది వస్తువు ఇంట్లోకి తెచ్చారా? ఖర్మ!" అంది. సోమవారం మ్యూజియంకి మెయిల్ పెడతానన్నాను.

"ఎవరి దగ్గర కొన్నారని అడగరా? పోలీసులొస్తే? మన గ్రీన్ కార్డ్ ఇంకా పెండింగ్‌లో ఉంది, గుర్తుందా?"

గుర్తుంది. నాకూ భయమే. కానీ ఆ పోగుల్ని చూశాక దాచుకోబుద్ధి కాలేదు. పెట్టి తీరతానని తెగేసి చెప్పాను. తను లేచి కిచెన్‌లోకి వెళ్ళిపోయింది. సరే, ఒప్పుకుందనుకున్నాను.

శుక్రవారం మా ఇంట్లో పూజకి ముందు ఇత్తడి కుందులన్నీ చింతపండుతో తోముతారు. నేను కాఫీ కోసం కిచెన్‌లోకి వెళ్ళేసరికి టవల్ మీద కుందులు, గంట, వాటి మధ్యలో తళతళలాడుతూ నా బ్రోచ్. గబుక్కున తిప్పి చూశాను. వెనక తుప్పు లేదు, నేత లేదు, ఉత్త కంచు.

"ఇదేంటి?"

"కుందులతో పాటు తోమేశాను."

"చూడకుండా తోమేశావా?"

"చూసే తోమాను. టూత్‌బ్రష్ పెట్టి రుద్దితే గానీ వదల్లేదు. ఇప్పుడు పెట్టుకోండి మీ మెయిల్."

అమ్మినవాణ్ణి అనుమానించాను, బ్రోచ్‌ని అనుమానించాను. ఈ మనిషిని మాత్రం అనుమానించలేదు. "అది ఒక ఆడమనిషి బట్టే! ఆవిడకి మిగిలిందల్లా అదొక్కటే!" అని అరిచాను.

తను కుందులు తుడవడం ఆపలేదు. "నా బట్టలు కూడా ఉన్నాయి పైన క్లోజెట్‌లో," అంది. "ఇండియా వెళ్ళిపోడానికి సూట్‌కేసుల్లో సర్దేయమంటారా?"