ఇద్దరు దొరసానులతో ఆళ్లగడ్డకు

ముప్పై ఏళ్ల కిందట బందరులో నేను అక్షరాలు దిద్దించిన శిష్యురాలు కిందటి భాద్రపదంలో ఒక కార్డు రాసింది. "వచ్చే నెల బొంబాయిలో ఓడ ఎక్కుతున్నాను. మళ్లీ రావడమంటూ ఉండదు. చూడాలని ఉంటే రండి. లేకపోయినా రండి." కింద ఆగ్నెస్ అని ఇంగ్లీషు సంతకం. దాన్ని కొట్టేసి, పక్కన ఆగ్నమ్మ అని తెలుగులో రాసి ఉంది. తన పేరు తానే తప్పని దిద్దుకున్న మనిషిని నేను అంతవరకు చూడలేదు. జెండా మారి అప్పటికి నెల తిరిగింది. దొరలు మూటలు కట్టుకుంటున్నారని పేపర్లో రోజూ చదువుతున్నాను గానీ, ఆ మూటల్లో నా శిష్యురాలిది కూడా ఉంటుందని తోచలేదు. "అరవై ఎనిమిదేళ్ల వయసులో రైలు ప్రయాణమా?" అంది కోడలు. డెబ్బై వచ్చేదాకా ఆగితే ఓడ ఆగదని చెప్పి బయల్దేరాను.

బెజవాడలో సాయంత్రం మీటరు గేజి బండి ఎక్కితే తెల్లవారి నంద్యాల. గిద్దలూరు దాటాక నల్లమల కొండల్లో సొరంగం వస్తుంది. కిటికీ మూసుకోమని ఎవరూ చెప్పరు, నాకూ చెప్పలేదు. నంద్యాలలో దిగేసరికి నా తెల్లచీర బూడిదరంగు తేలింది. స్టేషను బయట జట్కా మాట్లాడుకుని దొరసానుల బంగళాకు పొమ్మన్నాను.

"ఆగ్నమ్మ దగ్గరికా అవ్వా?" అన్నాడు జట్కా అతను. "ఆయమ్మ పోతాందంట గదా. మా ఇంట్లో ముగ్గురు పిల్లోల్లనూ ఆయమ్మే బయటికి తీసింది. నాలుగోది కడుపులో ఉండాది ఇప్పుడు. ఎవురు తీస్తారో ఏమో!"

ఆ ప్రశ్న నన్ను అడిగినట్టే ఉంది. నేను గ్రంథాలు తప్ప మరేదీ బయటికి తీయలేను.

బంగళా వసారాలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆగ్నెస్ మిషను నర్సు. ఇరవై ఏళ్లు ఆళ్లగడ్డ పక్కన క్రైస్తవుల పాలెంలో కాన్పుల ఆసుపత్రి నడిపి, ఐదారేళ్ల కిందట నంద్యాలకు వచ్చింది. రెండో ఆమె వినిఫ్రెడ్, ఊళ్లో వాళ్లకు విన్నమ్మ, ఆడపిల్లల బడిలో టీచరు. బందరులో ఇద్దరూ నా దగ్గరే తెలుగు నేర్చుకున్నారు. "దయచేయండి, కుశలమా" అని స్వాగతం చెప్పడం వాళ్లకు ఒక వేసవంతా నేర్పాను.

ఆగ్నెస్ నన్ను చూసి లేచి నిలబడింది. "ఏం పంతులమ్మా, ఇంత లావైనావు? బందర్లో బియ్యం బాగా దొరుకుతాండాయా? రా, కూచో. ఉగ్గాని చల్లారిపోతాంది."

నేను నిర్ఘాంతపోయాను. వేసవంతా నేర్పిన తెలుగు ఏమైందని అడిగాను.

"ఆ తెలుగుతో ఈడ ఎవురూ కనరమ్మా. 'దయచేసి ఊపిరి బిగపట్టండి' అంటే, ఎవురితో మాట్లాడతాండానని ఎనక్కి తిరిగి చూస్తారు."

"నేను మాత్రము మీరు నేర్పినదే మాటలాడుచున్నాను," అంది విన్నమ్మ గర్వంగా. "బడిలో పిల్లలు మిక్కిలి నవ్వెదరు."

మద్రాసు పేపరు ఇక్కడికి ఒకరోజు ఆలస్యంగా వస్తుంది. దాన్ని ఇద్దరూ చెరిసగం చేసుకుని చదువుతారు. ఉగ్గాని అంటే బొరుగులు నానబెట్టి చేసే తిరగమోత, పక్కన మిరపకాయ బజ్జీ. ఆగ్నమ్మ బజ్జీ కొరుకుతూ వార్తలు చెబుతుంటే నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"మా దేశంలో రొట్టెకు కూడా చీటీలు పెట్టినారు, తెలుసా? యుద్ధం జరిగినన్నాళ్లూ రొట్టె చీటీ లేకుండా ఇచ్చిరి. గెలిచినాక చీటీ పెట్టిరి. ఓడిపోయింటే ఏం పెడుతుండిరో! మా చెల్లెలు ఉత్తరం రాసింది, ఇండియాలో నీకు తిండి దొరుకుతాందా, పస్తులుంటాండావా అని. కొర్రన్నంలోకి నెయ్యి ఏసుకుంటా చదివినా."

ఇంగ్లండులో రొట్టెకు రేషనా! లోకంలో సగాన్ని ఏలిన ఇంటి పొయ్యి మీద కుండ ఇలా ఉందని మా బందరులో ఒక్కరూ చెప్పలేదు.

"మా పత్రికలలో మీకు పరిపాలన చేతకాదని వ్రాయుచున్నారు," అంది విన్నమ్మ, తన సగం పేపరు మీంచి చూస్తూ. "మాకు చేతనైనదా అని మాత్రము ఎవరును వ్రాయుట లేదు."

"ముందర కలెక్టరుకు అర్జీ రాసీమని వస్తుండిరి నా దగ్గరికి," అంది ఆగ్నమ్మ. "ఇప్పుడు మంత్రికి రాసీమంటాండారు. అర్జీ అదే, బాయిలో పూడిక తీయల్లని. పైన పేరు ఒక్కటే మారింది. జెండా పండగ నాడు ఏమైంది అనుకున్నావు? మా వీధిలో కొయ్య పాతి జెండా కట్టిరి. ముడి ఊడదే! తాడు పట్టుకుని లాగేవాడు లాగుతాండాడు. అందరూ నా పక్క చూస్తాండారు, నేనే పోయి ముడేసొచ్చినట్ల. కడకు నా సంచిలో కత్తెర తీసిచ్చినా, బొడ్డు కోసే కత్తెర. మా వీధిలో స్వతంత్రం కూడా నా చేతిమీదనే పుట్టింది."

నాకు నవ్వాలో, దేశభక్తురాలిగా కోప్పడాలో తెలియలేదు. ముందు మంచినీళ్లు తాగాను.

ఎనిమిదిన్నరకు ఆళ్లగడ్డ బస్సు. తన పాత ఆసుపత్రి చూపిస్తానని ఆగ్నమ్మ లేవదీస్తే ముగ్గురం ఎక్కాం. పెట్రోలు చాలక ఇంకా బొగ్గు మీదే నడుస్తోంది. వెనక పెద్ద పీపాలాంటి పొయ్యి, దానికొక తిప్పుడు పిడి. అరగంట తిప్పితే గ్యాసు పుడుతుంది, పుట్టాక బస్సు కదలాలా వద్దా అని ఆలోచిస్తుంది. టిక్కెట్టు పన్నెండణాలు. పొయ్యి పక్క సీట్లలో కూర్చోకండి, పన్నెండణాలకు అంత వేడి అక్కర్లేదు. ఎడమవైపు కూర్చుంటే దారి పొడుగునా నల్లమల కొండలు కనిపిస్తాయి. కుడివైపు నల్లరేగడి చేలు, కోతకొచ్చిన కొర్ర.

డ్రైవరు పేరు మస్తాను. ఎప్పుడు చేరతామని అడిగాను. "బేగా పోతామవ్వా. దేవుడు, బొగ్గు, రెండూ సహకరిస్తే పన్నెండుకు."

ముందు సీటులో ఒకావిడ మాకేసి తిరిగి కూర్చుని ఆగ్నమ్మను తేరిపార చూసింది. "అమ్మా, పెండ్లి కాలేదా?" అని అడిగేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆగ్నమ్మ మాత్రం ధర అడిగిన బేరగత్తెతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"లే. మీ ఊర్లో ఎవురన్నా ఉండారా?"

"మా మామ ఉండాడు. పెండ్లాం పోయి రెండేండ్లాయ."

"నోట్లో పండ్లు ఎన్ని?"

"నాలుగుండాయి."

"నాకు ఆరు. మా జత కుదరదు."

బస్సంతా నవ్వింది. ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్నకు వారానికి ఒకసారైనా జవాబు చెబుతున్నారట ఇద్దరూ. "మొదట దుఃఖించితిని," అంది విన్నమ్మ. "తరువాత కోపించితిని. ఇప్పుడు ఎవరును అడుగనిచో నాకు జబ్బు చేసినదేమో అని అనుమానము కలుగుచున్నది."

శిరివెళ్లలో బొగ్గు పోయడానికి ఆపాడు. టీ తాగుతూ ఆగ్నమ్మ మొదటిసారి గొంతు తగ్గించింది. వయసు అరవై ఐదు నిండినవాళ్లు స్వదేశం వెళ్లిపోవాలని మిషను పైవాళ్ల నిబంధన. పోనని గట్టిగా అంటే మెడపట్టి గెంటరు, కానీ ఇంతవరకు ఎవరూ అనలేదు. విన్నమ్మకు అన్నగారి పొలం, తోట ఉన్నాయి, సంతోషంగానే పోతోంది. ఆగ్నమ్మకు చెల్లెలు తన ఇంట్లో ఒక గది సర్ది ఉంచింది. ఇద్దరికీ ఓడలో ఒకే గదికి టిక్కెట్లు, ఎక్కడానికి ఇంకా మూడు వారాలు. కానీ పాలెంలో మాత్రం ఆగ్నమ్మ ఇంతవరకు చెప్పలేదు.

"చెప్పకుండా పోదామనుకున్నా, పంతులమ్మా. విన్నమ్మ ఒప్పుకోలే. ఆ పిల్లోల్లందరూ నా చేతుల్లో పడినోల్లు. వాల్ల ముందర నిలబడి, పోతాండానని యా నోటితో చెప్పేది? నువ్వు చెప్పు నా తరఫున. నీకు మాటలొచ్చు."

అంటే నన్ను పిలిపించింది చూడ్డానికి కాదు! రెండువందల మైళ్లు పొగ తాగి వచ్చింది ఒక దుర్వార్త చదివి వినిపించడానికని అప్పుడు తెలిసింది. చదవనని చెప్పాను. అలా చెప్పానే గానీ, మిగిలిన దారంతా మనసులో వాక్యాలు కూర్చుకుంటూనే ఉన్నాను.

పన్నెండు దాటాక ఆళ్లగడ్డలో దిగి, పాలెం దాకా అర మైలు నడిచాం. ఎదురొచ్చింది సుందరమ్మ. ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు ఆగ్నమ్మ పక్కన నిలబడి పని చేసిన మనిషి. వెనక పాలెంలో సగం మంది. ఎవరి మొహంలోనూ దిగులు లేదు, పెళ్లివాళ్లలా ఉన్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఏం చెప్పొద్దులేమ్మా," అంది సుందరమ్మ నాతో. "మీ బంగళా వంటాయన మూడు నెల్ల కిందనే చెప్పి పాయ. రాండి, అమ్మకు చూపించల్ల ఒకటి."

చింతచెట్ల వెనక వాళ్ల శ్మశానం. అక్కడికి ఎందుకో అర్థంకాక ముందుకు నడిచి, అక్కడున్నదాన్ని చూసి నేను చెట్టు పట్టుకున్నాను. కొత్తగా కట్టిన గోరీ! నున్నటి బేతంచెర్ల బండ కప్పారు. సున్నం తడి ఇంకా ఆరలేదు. బండ మీద ఆగ్నమ్మ అని పేరు, పుట్టిన సంవత్సరం, మరణం అన్న మాట, దాని పక్కన ఖాళీ.

బతికున్న మనిషికి గోరీ కట్టి, ఆ మనిషినే పిలిచి చూపిస్తారా! బుద్ధుందా మీకని అరిచాను. ఎవరూ నొచ్చుకోలేదు.

"మా పాలెంలో ఇది మర్యాదమ్మా," అంది సుందరమ్మ నిదానంగా. "పెద్దోల్లు బతికుండగానే తావు చూసుకుంటారు. మా నాయన కట్టించుకుని తొమ్మిదేండ్లు దాని మింద కూచుని బీడీ తాగినాడు. బండ్లు కట్టి బేతంచెర్ల నుంచి ఈ రాయి తెచ్చినారు. అమ్మ చేతిమింద పుట్టిన ప్రతి ఇంటోల్లూ ఒక గంప మట్టి ఏసినారు." ఆమె ఆగ్నమ్మ వైపు తిరిగింది. "ఓడ ఎక్కుతావో, ఏమెక్కుతావో, నీ ఇష్టం. పోతే పో. ఆ దేశంలో నీ గోరీకి సున్నం కొట్టేకి ఎవురుండారు? ఈడైతే మేముండాం."

విన్నమ్మ రుమాలు తీసుకుంది. నేను ఆగ్నమ్మ మొహం చూశాను. కళ్లద్దాలు సవరించుకుని బండ మీదికి వంగి, అక్షరం అక్షరం చదువుతోంది. చదివి నడుము ఎత్తి, "ఎవురు చెక్కింది?" అంది.

బక్కగా ఉన్న ఏసయ్య అనే రాతిపనివాడు ముందుకొచ్చాడు.

"ఏందప్పా ఇది? నన్ను పదేండ్లు ముసలిదాన్ని చేసినావు!"

"సంవత్సరం ఎవురికీ తెలీదమ్మా. నీ మొహం తలుచుకుని అందాజుగా ఏసినా."

"నా మొహానికి డెబ్బై ఐదా?" నిజంగానే కోపం వచ్చింది ఆమెకు. గోరీకి రాని కోపం! మళ్లీ వంగింది. పేరు కింద ఇంకొక వరుస ఉంది, నేను అప్పుడు చూశాను. ఊరు: ఆళ్లగడ్డ.

ఆ వరుస మీద ఆమె వేలు చాలాసేపు ఉండిపోయింది. తరువాత ఆమె చేసిన పనికి పాలెం పాలెమంతా అయ్యో అంది. చెప్పులు విప్పి, పావడా సర్దుకుని, బండ మీద వెల్లకిలా పడుకుంది. విన్నమ్మ "ఆగ్నెస్!" అని కేక పెట్టింది. ముప్పై ఏళ్లలో ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారట.

మడమలు బండ దాటి గాలిలో ఉన్నాయి.

"జానెడు తక్కువుంది," అంది ఆగ్నమ్మ ఆకాశం చూస్తూ. "దేన్ని పెట్టి కొలిచినావు?"

"ఆసుపత్రిలో నువ్వు పండుకునే మంచాన్ని పెట్టి."

"ఆ మంచం మింద ఇరవై ఏండ్లు కాళ్లు ముడుచుకుని పండుకున్నానప్పా. దీంట్లో కూడా ముడుచుకోవల్లనా? దీన్ని పొడుగు చేసేకి ఎన్ని దినాలు?"

ఏసయ్య తల గోక్కున్నాడు. "ఇంతపెద్ద రాయి మళ్లా బేతంచెర్ల నుంచే రావల్ల. రెండు నెల్లు. మూడు."

ఓడకు మూడు వారాలు. ఆ సంగతి సుందరమ్మకు తెలుసు, ఆమె కళ్లు బండ మీదినుంచి కదలడం లేదు. ఆగ్నమ్మ లేచి కూర్చుని చెప్పులు వేసుకుంది, ఒకటి, తరువాత రెండోది.

"సరే, తెప్పించు. నేను ఉండి దగ్గరుండి చూసుకుంటా. ఇంకోతూరి నా వయసు అందాజుగా ఏస్తే నీ చెయ్యి ఇరగ్గొడతా."

సుందరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కింద కూలబడింది. వెనకెవరో చప్పట్లు కొట్టారు, శ్మశానంలో చప్పట్లు! విన్నమ్మ ఆ గోరీ మీదే చతికిలబడి, "టిక్కెట్టు సంగతి ఏమి చేయవలెను? పైవారికి ఏమని వ్రాయవలెను?" అంది ఎవరితోనూ కాదన్నట్టు.

"రాతిపని మిగిలిందని రాయి," అంది ఆగ్నమ్మ.

నాలుగు గంటల బస్సులో విన్నమ్మా నేనూ ఇద్దరమే తిరిగొచ్చాం. దారిలో ఆమె ఒక్క మాటే అంది, "నాకు తోట ఉన్నది, అది చాలును," అని. ఆ మాట నాతో కాదు, కొండలతో అన్నట్టుంది. చాలునో లేదో నాకు ఈనాటికీ తెలియదు. పరాయి దేశం మీద ముప్పై ఏళ్లు జోకులు వేసేవాళ్లు దాన్ని ప్రేమించలేదని నేననుకునేదాన్ని. తప్పు. పరాయిదైతే మర్యాదకు పొగుడుతాం, మన ఇంటిని కదా తిడతాం. నేనూ కాపురానికి వెళ్లి యాభై ఏళ్లుగా అత్తవారి ఊరిని తిడుతూనే ఉన్నాను, ఆ ఊరి పేరు నా రాతి మీద చెక్కేవాళ్లున్నారో లేదో గానీ.

అటువైపు వెళ్లేవాళ్లకు ఒక సలహా. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు తిరుగు బస్సు నాలుగింటికే, అది తప్పితే మర్నాడు పొద్దున. ఎవరికైనా వీడ్కోలు చెప్పడానికి వెళ్తుంటే మాత్రం, పై ప్రయాణపు టిక్కెట్లు ముందు కొనకండి, చెప్పి వచ్చాక కొనండి. మొన్న పుష్యమాసంలో ఆగ్నమ్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. బండ ఇంకా రాలేదట. జట్కా అతనికి నాలుగోది ఆడపిల్ల, తన చేతిమీదే పుట్టిందట. ఏసయ్యను తొందరపెట్టడం లేదని రాసింది.