దీపం పెట్టని రోజుల్లో మావయ్యగారి ఆంప్లిఫయరు

కబురు మొదట తెచ్చింది మా వీధిలో చేపలమ్మే వదిన. తెల్లారి హార్బరు నుంచి గాజువాక వచ్చిన గంప ఇంకా నెత్తిమీదే ఉంది. "వదినా, మీ మావ దువ్వాడ టేసన్లో కూలబడిపోనాడంట. ఇంక లేడంట," అంది. నేను "అలాగా" అన్నాను. పొయ్యిమీద పాలు దించాను. ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

నాకు చదువూ పనీ రెండూ ఇంట్లోనే వచ్చాయి. రెండూ నేర్పింది మావయ్యగారే. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాత వాల్వు రేడియోలు విప్పడం చూసి నవ్వినవాళ్ళున్నారు. ఆయన పట్టించుకోలేదు. భగవంతుడు నాకిచ్చిన బడి అదే.

మా వీధి రామమందిరంలో భజనకి ఆయన వాడిన వాల్వు ఆంప్లిఫయరు అప్పటికే గుర్రుమంటూ నా బల్లమీదికొచ్చి ఉంది. పెద్దకర్మనాటి భజన అందులోనే వినిపించాలని మావారు అడిగారు. సరేనన్నాను.

ఆ పెట్టెలో ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. మనిషిని తీసుకుపోయేంత ఉంటుంది. అందుకని మావయ్యగారు నాకొక పద్ధతి పెట్టారు. ప్లగ్గు తీసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, నామాలు చదువుకుని రావాలి. ఈలోగా కరెంటు దిగుతుంది. "దిగిందని దేవుడు చెప్పడమ్మా, మీటరు చెప్పాలి," అనేవారు. అందుకే తిరిగొచ్చాక, కరెంటు గుండెమీదుగా పోకుండా ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, మీటరు ఆనించి చూశాకే పని.

మైల రోజులు. దేవుడి గదికి గొళ్ళెం. గుర్రు ఎక్కణ్ణుంచో పట్టడానికి పెద్ద వాల్వులు తీసి కరెంటిచ్చి చూశాను. ప్లగ్గు పీకాను. దీపం లేదు కనక లేచేది లేదు. చెయ్యి తిన్నగా లోపలికి పోతోంది. భయం కూడా వెయ్యలేదు.

ఒంటరిగా మూత తియ్యొద్దన్నది మావయ్యగారి మాట కాబట్టి చేపల వదినని ముందే స్విచ్చి దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"ఏటి, ఇయ్యాల దణ్ణమెట్టుకోకుండానే సెయ్యెట్టేత్తన్నావ్?" అంది.

"మైల కదా వదినా."

"నీకు మైల. కరెంటుకేటి మైల?"

చెయ్యి ఆగింది. మీటరు తీసి ఆనించాను. ముల్లు చివరిదాకా లేచింది. కరెంటును దించాల్సిన రెసిస్టరు కాలు ఉప్పుగాలికి తుప్పుపట్టి తెగిపోయి ఉంది. ఎంతసేపు కూర్చున్నా అది దిగేది కాదు.

ఆ ముల్లుని ఎవరింట్లోనో గడియారం చూసినట్టు చూశాను. వదినే గుండె బాదుకుంది. "ఒకే ఇంట్లో రెండు దినాలు తినీదాన్నే తల్లీ!"

పిడి ఉన్న వైరుకి వేరే రెసిస్టరు కట్టి, నిలిచిన కరెంటు నెమ్మదిగా దించాను. మీటరు సున్నా చూపాక తెగినదాన్నీ, ఉబ్బిన కెపాసిటర్లనీ మార్చాను. మొదటిసారి కరెంటు వరసలో బల్బు పెట్టే ఇచ్చాను. బల్బు భగ్గున వెలిగి మందగించింది, అంటే లోపల షార్టు లేదు. మళ్ళీ కరెంటంతా దించి, మీటరు చూసుకుని వాల్వులు పెట్టాను. ఎర్రగా వెలిగాయి. గుర్రు లేదు.

పెద్దకర్మనాడు భజన దానిలోనే సాగింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను పెట్టె పక్కన కూర్చుని వేడి చూసుకుంటున్నాను. లోపల ఏమీ కదల్లేదు. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, అంతే తెలిసింది. స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇది చదివినవారిని ఒకటే అడుగుతాను. ఇంటి కోడలికి పని నేర్పి, పనికన్నా ముందు ప్రాణం నిలుపుకోవడం నేర్పిన ఆ పెద్దాయన్ని, నా బదులు ఒక్కసారి తలుచుకోండి. నాకింకా ఏడుపు రావడం లేదు.